ఖాళీ ఉంటే ఖాళీ అని చెప్పాలి

మా టీచరమ్మ గారు పోయారన్న కబురు అందినప్పుడు నేను చేపల మార్కెట్‌లో నిలబడి నవ్వుతున్నాను. మా అమ్మాయి ఉద్యోగం కథ కొత్తగా వచ్చిన ఐసు వ్యాపారికి చెబుతున్నాను. ఆ కథ విననివాళ్ళు మార్కెట్ మొత్తం మీద ఇంక ఆయనొక్కడే మిగిలాడు. సగంలో ఉండగా మా బావమరిది ఫోను చేశాడు.

"బావా, టీచరమ్మ గారు తెల్లారగట్ల పోనారట. నిద్దట్లోనే. చర్చి గంట కొట్టేరు గదా, నీకు ఇనబళ్ళేదా?"

మార్కెట్ గోలలో నాకు ఏ గంటా వినబడలేదు. ఐసు వ్యాపారి "తర్వాతేటయినాదండీ" అని అడుగుతున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాను. "ఆ కథలో మనిషే పోయింది బాబూ" అన్నాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆవిడెవరో ఆయనకు తెలియదు, అయినా తీశాడు.

ఆవిడ గురించి ఏడుస్తూ రాయాలని కూర్చుంటాను. రెండు మాటలు రాసేసరికి సంతోషం పొంగుకొచ్చేస్తుంది. అరవై దాటినవాణ్ణి, చావు గురించి రాస్తూ ఇంత సంతోషపడటం ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆవిడ ఇచ్చింది అలాంటిది, నేనేం చెయ్యను. నాది ఐదో తరగతి చదువు. నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. అచ్చుకు తగ్గట్టు అక్కడక్కడ భాష సర్దుతోంది గానీ తన మాట ఒక్కటీ చేర్చడం లేదు. ఆ పద్ధతి కూడా టీచరమ్మ గారు నేర్పిందే.

మాది కళింగపట్నం పక్కన సముద్రపు ఒడ్డు ఊరు. మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. కళ్ళ డాక్టరు కోసమనీ, సూర్యనారాయణమూర్తికి మొక్కు కోసమనీ శ్రీకాకుళం వచ్చి, అరసవల్లి వెళ్ళే రోడ్డులో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. నేను చేపలు, మా ఆవిడ ఎండుచేపలు అమ్ముకుంటూ అక్కడే ఉండిపోయాం. రెండిళ్ళ అవతల టీచరమ్మ గారి ఇల్లు. మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. భర్త అప్పటికే లేరు. మేము గుడికి వెళ్ళొస్తూ ఎదురుపడితే ఆవిడ చర్చికి వెళుతూ ఉండేవారు. మా ఆవిడ వెండి కళ్ళు మొక్కుకున్న సంగతి చెబితే, "మొక్కుకోండమ్మా, తప్పేముంది. ఆయన వీలు చూసుకుని చూస్తాడు. ఈలోగా పాఠం ఆగకూడదు గదా" అన్నారు. ఆ సాయంత్రమే మా గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని అమ్మాయికి పుస్తకం చదవడం మొదలుపెట్టారు.

ఆవిడ చదవడం మామూలు చదవడం కాదు. ముందు చేతులు కడుక్కునేవారు. కళ్ళజోడుకి కట్టిన నల్లదారం మెడ వెనక సర్దుకునేవారు. గ్లాసుడు వేణ్ణీళ్ళు పక్కన పెట్టుకుని దాని మీద సాసరు మూసేవారు. అట్ట మీద పేరు దగ్గర నుంచి, అచ్చు వేసినవాళ్ళ పేరు, పేజీ నెంబరు, బొమ్మ కింద చిన్నక్షరాలు, అన్నీ చదివేవారు. బొమ్మ వస్తే, "ఇక్కడ బొమ్మ ఉంది. ఒక చెట్టు, రెండు ఆవులు. మూడోది ఆవో గేదో నాకు తెలియడం లేదు" అనేవారు. పేజీ సగంలో అక్షరాలు ఆగిపోతే, "ఇక్కడ నుంచి కిందికి ఖాళీ" అనేవారు. ఆ మాట వినగానే పేజీ తిప్పడం మా అమ్మాయి పని.

ఒకసారి నేను నవ్వాను. "ఖాళీని కూడా సదవాలేటండీ" అన్నాను.

"తమ్ముడూ, మీరు చూస్తున్నారు కాబట్టి ఖాళీ మీకు తెలుస్తోంది. నేను ఊరుకుంటే దానికి ఏం తెలుస్తుంది? నేను ఆగిపోయానా, నిద్రపోయానా, దాస్తున్నానా? ఖాళీ ఉంటే ఖాళీ అని చెప్పాలి" అన్నారు.

విజయనగరం కాలేజీలో డిగ్రీకి చేర్చినప్పుడు మాతో ఆవిడ కూడా బస్సులో వచ్చారు. కిటికీ పక్కన కూర్చుని దారిలో కనబడిన బోర్డులన్నీ పైకి చదివారు. టైర్ల కొట్టు, పెళ్ళి కార్డులు, జీడిపప్పు హోల్‌సేలు, రెడ్డీమేడ్ డ్రస్సులు, రాసినవాడు తప్పు రాస్తే ఆ తప్పుతో సహా. వెనక సీటులో ఒకాయన నిద్ర పాడై కండక్టరుకి చెప్పాడు.

"ఏటమ్మా, బోర్డులన్నీ సదివేస్తన్నారు. ఇదిగో, ఈ టికెట్టు మీదేటున్నాదో అది కూడా సదివీండి" అన్నాడు కండక్టరు వెటకారంగా.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని టికెట్టు చివరిదాకా చదివేశారు. బస్సంతా నవ్వింది. మా అమ్మాయి మాత్రం చిన్నగా, "నానా, టికెట్టు మీద అంతుంటాదని నాకు ఇన్నాళ్ళూ తెల్దు" అంది.

కాలేజీలో ఉండగా సర్కారు వాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ వచ్చింది. అందులో తెర మీది అక్షరాలను పైకి చదివే గొంతు ఒకటి ఉంటుంది. దాంతో మా అమ్మాయికి రెక్కలొచ్చినట్టయింది. అయితే ఆ గొంతు అప్పుడప్పుడు ఆగిపోయేది. ఆగినప్పుడు పక్కన ఉన్న చూపున్నవాడు చదివిపెట్టాలి. మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాడు మా బావమరిది ఒక్కడే. బస్టాండు దగ్గర సెల్ రీఛార్జి కొట్టు పెట్టుకున్నాడు. మంచివాడు, పిలిస్తే వస్తాడు. వచ్చి తెర వైపు ఒక్క చూపు చూసి, "ఏటో అడుగుతంది, సరే అనీసేను" అనేవాడు. ఏమడిగిందో మా అమ్మాయికి చెప్పేవాడు కాదు. అలా ఒకసారి సరే అనేస్తే ఆ మాట్లాడే గొంతే పోయింది. తిరిగి రావడానికి వారం పట్టింది.

అందుకే టీచరమ్మ గారు, తన కళ్ళలో పొర ముదురుతోందని తెలిశాక, నన్ను కూర్చోబెట్టారు. "తమ్ముడూ, నా కళ్ళు ఇంక ఎన్నాళ్ళో. మీరు నేర్చుకోవాలి" అన్నారు.

"నాకు ఇంగిలీసు రాదండీ."

"రానక్కర్లేదు. అర్థం దానికి తెలుసు. అక్షరాలు చెబితే చాలు."

పెద్ద అక్షరాలు నాకు అప్పటికే వచ్చు. పడవల మీద రాసే నెంబర్లు, లారీల వెనక రాతలు చూసి పట్టుకున్నవి. చిన్నక్షరాల దగ్గరే చెమటలు పట్టేవి. సబ్బు కాగితాలు, మందు సీసాలు తెచ్చి చదివించేవారు. బి, డి ఎప్పుడూ తారుమారు చేసేవాణ్ణి. "పేరు తెలియకపోతే తెలియదని చెప్పండి. ఆకారం చెప్పండి. కర్ర ఉంది, కడుపు ఏ వైపుందో చెప్పండి. ఊహించి మాత్రం చెప్పకండి" అనేవారు. నాకు పడవ గుర్తొచ్చింది. ఒడ్డు దగ్గర అలలు దాటేటప్పుడు ముందు కూర్చున్నవాడు అల లేస్తే లేచిందనాలి, లేవకపోతే లేదనాలి. వెనక తెడ్డు పట్టినవాడికి మధ్యలో నిలబడ్డ మనుషులతో ముందేముందో కనబడదు. ముందువాడు తన ధైర్యమో భయమో కలిపి చెబితే పడవ తిరగబడుతుంది. ఆ మాట చెబితే టీచరమ్మ గారు ఎంత మురిసిపోయారో. "అయితే మీకు నేర్పాల్సిందేమీ లేదు తమ్ముడూ, అక్షరాలు తప్ప" అన్నారు.

ఇంక ఆ రోజు సంగతికి వస్తాను.

డిగ్రీ అయ్యాక మా అమ్మాయికి విశాఖపట్నంలో ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. చూపు లేనివాళ్ళు వెబ్‌సైట్లు వాడుకోగలరో లేదో పరీక్షించి చెప్పే ఉద్యోగం. పరీక్షకు తన ల్యాప్‌టాప్ తానే తెచ్చుకోవాలి. ఒకటే షరతు. అందులో విండోస్ ఒక్కటే ఉంటే చాలదు, లినక్స్ అనే రెండో సిస్టమ్ కూడా ఉండాలి, రెండింటిలోనూ పని చేసి చూపించాలి. ఆ షరతు సంగతి ఆఖర్న చెప్పారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాలి.

"రెండో సిస్టమంటే ఏటే?" అని మా ఆవిడ అడిగింది.

"ఒకింట్లో రెండు కాపురాలమ్మా. మధ్యన గోడ కట్టాల."

"తోటికోడళ్ళా? తగువులాడుకోరా?"

"ఒకరు లేస్తే ఇంకొకరు లెగరు. తగువెక్కడిది."

నవ్వుతూనే చెప్పింది గానీ పెన్‌డ్రైవు మూత పదేపదే తీసి పెడుతోంది. ఎందుకంటే గోడ కట్టేవాడికి ఆ ఇంట్లో ముందే ఒక కాపురం ఉందని తెలియాలట. తెలియకపోతే ఇల్లంతా కూల్చేసి కొత్తది కడతాడు. అప్పుడు విండోస్ పోతుంది, అందులో తన చదువంతా పోతుంది. ముఖ్యమైనవి కొన్ని పెన్‌డ్రైవులో దాచింది, అన్నీ పట్టలేదు. మళ్ళీ విండోస్ పెట్టించడానికి పొద్దుటిలోగా దారి లేదు. ఒక్క సిస్టమే ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకుని పరీక్షకు వెళ్ళడం ఒకటే, వెళ్ళకపోవడం ఒకటే.

పొద్దున ఒకసారి మొదలుపెట్టింది. కొత్త సిస్టమ్ ఇంకో పెన్‌డ్రైవులోంచి లేచి మాట్లాడింది. ఒక్కో ప్రశ్నా చదువుతూ వచ్చి, గోడ ఎక్కడ కట్టాలని అడిగే తెర దగ్గర గొంతు ఆగిపోయింది. ఎన్ని మీటలు నొక్కినా పలకలేదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ సరిగ్గా అక్కడే ఆగింది. విజయనగరంలో ఉన్న స్నేహితురాలికి ఫోను చేసింది. "అక్కడ ఎంచుకోడానికి మూడు సున్నాలుంటాయి. మొదటి దాంట్లోనే చుక్క ఉంటాది. అదే మనకి కావాల్సింది. ఎంటర్ కొట్టీ" అని ఆ పిల్ల చెప్పింది.

మధ్యాహ్నానికి ఆకాశం మూసుకుంది. సముద్రంలో వాయుగుండమట. మా వీధిలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది, కరెంటు పోతే అది కూడా పోతుంది. పైగా మా ఇంట్లో ఆ సాకెట్ వదులు. మా ఆవిడ గోడ పక్కన కూర్చుని ప్లగ్గుని చేత్తో నొక్కి పట్టుకుంది. బావమరిది కొట్టు మూసి వచ్చేశాడు. మూడోసారి మొదలైంది, గొంతు అక్కడికొచ్చి ఆగింది.

"మావా, ఏటున్నాదో సదువు" అంది అమ్మాయి.

"ఇన్‌స్టాల్ అని ఉన్నాది. నీకు కావాల్సింది అదే గదా? సుక్క కూడా ఉన్నాది. నొక్కీమంటావా?"

"ఇన్‌స్టాల్‌కి ముందేటున్నాది?"

"ఏటో డిస్కని ఉన్నాది. అవన్నీ నీకెందుకే? మీ స్నేహితురాలు సెప్పింది మొదటిదనే గదా. ఇదే మొదటిది. కరెంటు పోతే అప్పుడేడుద్దువుగాని."

అమ్మాయి వేలు ఎంటర్ మీట మీదికి వెళ్ళింది. అప్పుడే గుమ్మంలో గొడుగు మడిచిన చప్పుడు. టీచరమ్మ గారు. ఒక కంటికి ఆపరేషన్ అయి ఇంకా పచ్చగుడ్డ కట్టే ఉంది. రెండో కంటి మీద పొర. దాని మీద నల్లద్దాలు. పక్కింటి గోడ పట్టుకుని నడిచి వచ్చారట.

"ఎంతవరకొచ్చింది?" అన్నారు.

"మీరెందుకొచ్చేరమ్మా ఈ గాలిలో. కన్ను ఆపరేసనైన మనిసి" అని మా ఆవిడ గోడ దగ్గర నుంచే కేకేసింది, ప్లగ్గు వదలలేక.

"కళ్ళతో పనిలేదు. తమ్ముడున్నాడుగా. తమ్ముడూ, తెర ముందు మీరు కూర్చోండి. పై నుంచి మొదలెట్టండి."

బావమరిది నవ్వాడు. "బాగుందండీ. ఇద్దరు సూళ్ళేనోళ్ళు, ఒక సదవలేనోడు. నేను పక్కన కూకుని పాటలెట్టుకుంతాను."

"కూర్చో నాయనా. మాట్లాడకుండా కూర్చో" అన్నారు ఆవిడ.

నేను కూర్చున్నాను. పెద్ద అలల మీద పడవ నడిపినవాణ్ణి, ఆ తెల్ల తెర ముందు ఏ వరస వదిలేస్తానోనని వేలు ఆనించాను. పై నుంచి మొదలుపెట్టాను. టి, హెచ్, ఐ, ఎస్. అమ్మాయి "దిస్" అంది. ఒక్కో అక్షరం నేను చెప్పడం, మాట పూర్తికాగానే తను పలకడం. బయట రేకు ఒకటి టపటపలాడుతోంది. బల్బు ఒకసారి మందగించి మళ్ళీ వెలిగింది. మా ఆవిడ ప్లగ్గుని ఇంకాస్త నొక్కింది.

"ఎన్, ఓ" అన్నాను.

"నో" అంది అమ్మాయి. ఆ మాట పలికేసరికి తన గొంతు మారింది.

"తర్వాతది కర్ర. దానికి ఎడమ పక్క కడుపు."

"డి. సెప్పు నానా."

"ఇ. టి. ఇ. సి. టి. ఇ. మళ్ళీ కర్ర, ఎడమ పక్కే కడుపు."

"అవన్నీ కంప్యూటరు గురించి బావా, కిందికి రా" అన్నాడు బావమరిది.

టీచరమ్మ గారు ఆయన వైపు తల తిప్పలేదు. చెయ్యి మాత్రం చాపి ఆయన మోకాలి మీద పెట్టారు. ఆయన ఆగిపోయాడు. నేను వాక్యం చివరిదాకా చెప్పాను. అమ్మాయి, "సున్నాలు సదువు నానా" అంది.

"మొదటి సున్నా. లోపల సుక్క ఉన్నాది. పక్కన ఇ, ఆర్, ఎ, ఎస్, ఇ."

అమ్మాయి మీట మీద నుంచి వేలు తీసింది. "రెండోది?"

రెండోది కూడా అక్షరం అక్షరం చెప్పాను. అందులో చుక్క లేదని కూడా చెప్పాను.

"మూడోది?"

తెర మీద మూడోది లేదు. నాకే కనబడటం లేదేమో, ఏదో వదిలేశానేమో అనుకున్నాను. స్నేహితురాలు మూడని చెప్పింది కదా. ఉండాలి కదా. ఉందని చెప్పేస్తే పోలేదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. తెర మొత్తం పై నుంచి కిందికి మళ్ళీ చూశాను. టీచరమ్మ గారు నా వైపు చెవి పెట్టి కూర్చున్నారు.

"రెండే. దాని కింద ఖాళీ" అన్నాను.

"ఖాళీ అంటే మొత్తం ఖాళీయేనా?" అన్నారు ఆవిడ.

"మొత్తం. మీట బొమ్మల దాకా తెల్లగా ఖాళీ."

అమ్మాయి రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇల్లంతా కూల్చే మాట మీదనే చుక్క ఉందని, పక్కన కాపురం పెట్టే మాట అసలు అక్కడ లేనే లేదని, ఈ కంప్యూటర్లో ఎవరూ కాపురం ఉన్నట్టు కనబడటం లేదని పైన రాసి ఉందని అమ్మాయి మాకు చెప్పింది. ఎంటర్ కొట్టి ఉంటే అయిపోయేది.

"ఉన్నోళ్ళని లేరంటాదేటే?" అంది మా ఆవిడ.

అమ్మాయి ల్యాప్‌టాప్ మూత అంచు తడిమింది. "నిన్న సాయంత్రం నేను నీళ్ళోసుకోడానికి ఎళ్ళినప్పుడు దీని మూత ఎవరు దించేరు?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నేనే. ఊరికే ఎలుగుతంది, కరెంటు దండగని."

అదీ సంగతి. మూత దించితే విండోస్ పూర్తిగా ఆగలేదు, తలుపు లోపల గడియ పెట్టుకుని నిద్రపోయింది. బయటి నుంచి చూస్తే ఇల్లు ఖాళీ. మా అమ్మాయికి ఆగిన చప్పుడూ నిద్రపోయిన చప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. తిరిగి విండోస్ లేపింది. అది లేచి మాట్లాడగానే మా ఆవిడ "బతికే ఉన్నాది" అంది. దాన్ని పద్ధతిగా పూర్తిగా ఆపి, మళ్ళీ పెన్‌డ్రైవుతో మొదటి నుంచి మొదలుపెట్టింది. గొంతు మళ్ళీ అక్కడికొచ్చి ఆగింది. నేను మళ్ళీ పై నుంచి మొదలుపెట్టాను. ఈసారి నో లేదు. ఈసారి సున్నాలు మూడు. మొదటి దాని పక్కన పొడుగు మాట, ఎ, ఎల్, ఓ, ఎన్, జి అని మొదలైంది. మాట పూర్తయ్యేలోపే, పక్కన కాపురం మాట అదేనని అమ్మాయి మొహం వికసించింది. అయినా "సివరి దాకా సదువు నానా" అంది. చదివాను. తర్వాత వచ్చిన హెచ్చరిక కూడా, అందులో ఒక్క అక్షరం వదలకుండా. అప్పుడు నొక్కింది.

ఆ తర్వాత చెయ్యడానికి ఎవరికీ ఏమీ లేదు, కరెంటు పోకుండా ఉండటం తప్ప. మధ్యలో కరెంటు పోతే రెండు కాపురాలూ పోయినట్టే. గాలి పెరిగింది. ఎదురింటి కొబ్బరాకు తీగల మీద ఊగుతోంది. మా ఆవిడ చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా మార్చనివ్వలేదు. టీచరమ్మ గారు తల వంచుకునే ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి. మా ఆవిడ పెదాలు కూడా కదులుతున్నాయి. ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకుంటున్నారు. తెర మీద గీత ఎంత నిండిందో నేను చెబుతూ ఉన్నాను. నిండనప్పుడు, "అక్కడే ఉన్నాది" అని చెప్పాను.

గీత నిండింది. మళ్ళీ మొదలు పెట్టమంది. తెర నల్లబడి, తెల్లటి వరసలు వచ్చాయి. "ఇక్కడ గొంతుండదు నానా. పైనున్నది కొత్తది, ఆఖర్నున్నది పాతది" అని అమ్మాయి నొక్కింది. కొత్తది లేచి పలికింది. బావమరిది చప్పట్లు కొట్టబోతే టీచరమ్మ గారు ఆపారు. "రెండోది లేవనీ."

మళ్ళీ ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, కింది బాణం నొక్కుకుంటూ వెళ్ళింది. ఎక్కడుందో నేను చెబుతున్నాను. ఆఖరిది వచ్చింది. ఎంటర్. నల్లటి తెర. ఏ చప్పుడూ లేదు. నేను ఖాళీ అన్నాను. కాసేపాగి మళ్ళీ ఖాళీ అన్నాను. మూడోసారి అనడానికి నోరు తెరిచేసరికి విండోస్ గొంతు మాట్లాడింది.

మా ఆవిడ అప్పుడు ప్లగ్గు వదిలి ఏడ్చింది. ఆ తర్వాత కాసేపటికే కరెంటు పోయింది. పోనీ అనుకున్నాం.

మర్నాడు పరీక్షలో మా అమ్మాయి రెండింటిలోనూ పని చేసి చూపించింది. కొన్నాళ్ళకు, ఉద్యోగం వచ్చిందని కంపెనీ ఇచ్చిన మెసేజిని అమ్మాయి నా ఫోనుకి పంపింది. నేను మార్కెట్‌లో ఉన్నదాంట్లో పెద్ద వంజరం పట్టుకుని టీచరమ్మ గారింటికి పరుగెత్తాను. "ఇంత చేప ఒక్కదాన్ని ఏం చేసుకోను తమ్ముడూ" అని, చేప సంగతి వదిలేసి, మెసేజి చదవమన్నారు. అక్షరం అక్షరం మొదలుపెట్టాను. మొదటి మాటే ఎంతకీ అయిపోదు. సి, ఓ, ఎన్, జి, ఆర్ అంటూ పోతూనే ఉంది.

"ఇంత పొడుగు మాటేటండీ?" అన్నాను.

"సంతోషం అలాగే ఉంటుంది. కానివ్వండి" అన్నారు. ఆ మాట పూర్తయ్యేసరికి ఇద్దరం నవ్వలేక ఆయాసపడ్డాం. ఇప్పటికీ నాకు ఇంగ్లీషులో చూడకుండా వచ్చిన మాట అదొక్కటే. మార్కెట్‌లో ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

తర్వాత మా అమ్మాయి ఆ నల్లటి తెర వచ్చినప్పుడు టింగుమని మోగేలా ఏదో ఏర్పాటు చేసుకుంది. ఆ మోత విని బాణాలు నొక్కుకుని తనకు కావలసింది తనే లేపుకుంటుంది. నా అవసరం లేదు. ఆ సంగతి కాస్త దిగులుగా చెప్పాను టీచరమ్మ గారితో. "మనం చదివిపెట్టిందే మన అవసరం లేకుండా పోవడానికి తమ్ముడూ. నా పని ఎప్పుడో అయిపోయింది, మీది ఇప్పుడయింది. రండి, కాఫీ తాగుదాం" అన్నారు.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక ఆవిడ మళ్ళీ కొత్తగా లోకాన్ని చదవడం మొదలుపెట్టారు. కూరగాయల బండి మీది ధరల పలక కూడా వదిలేవారు కాదు. అలా ఉన్న మనిషి అలాగే ఒక తెల్లవారుజామున వెళ్ళిపోయారు.

మా అమ్మాయి విశాఖపట్నం నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. సమాధుల తోటలో అందరూ మట్టి వేసి వెళ్ళిపోయాక మేము కాసేపు ఉండిపోయాం, నేనూ, అమ్మాయీ, బావమరిదీ. తల దగ్గర చెక్క సిలువ పాతారు. అమ్మాయి చెయ్యి చాపబోతే నేను ఆపాను. రంగు ఇంకా ఆరలేదు.

"ఏటి రాసేరు నానా?"

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తన పేరు అచ్చులో పడటం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు కాబట్టి ఇక్కడ చెప్పను. అమ్మాయికి మాత్రం అక్షరం అక్షరం చెప్పాను. ఒక అక్షరం దగ్గర రంగు కిందికి కారింది. అది కూడా చెప్పాను. తారీఖు చెప్పాను.

"తర్వాత?"

కింద వాక్యం రాయడానికి పెయింటరు చోటు వదిలాడు. ఏ వాక్యమో ఇంకా చెప్పలేదట. బావమరిది ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

"ఇక్కడ నుంచి కిందికి ఖాళీ" అన్నాను.

అమ్మాయి కుడిచెయ్యి కొంచెం పైకి లేచింది, చిన్నప్పుడు మా గుమ్మంలో పేజీ తిప్పడానికి లేచినట్టే. గాలిలో కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది.